బిల్లు రోజుకు పెట్టెలో డబ్బు ఉంటుందా?
కంప్యూటర్ లెక్కల్లో నగదు ముందస్తు అంచనా

(పహాడీ షరీఫ్‌లో పాల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు అప్పగించిన అంశం, కంప్యూటర్ లెక్కల్లో నగదు రాకపోకలను ముందుగా అంచనా వేయడం. పేరు పెద్దదిగా ఉన్నది. విషయం మాత్రం మన ఇండ్లలో ఆడవాళ్ళకు ఎప్పటి నుండో తెలిసినదే. పాల బిల్లు ఏ రోజు వస్తుంది, పిల్లల ఫీజు ఏ రోజు కట్టాలి, దుకాణం ఉద్దెర ఎంత పేరుకున్నది, మధ్యలో చుట్టాలింట్లో పెండ్లి ఉన్నదా అని ఇంటి ఇల్లాలు నెల మొదట్లోనే లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కను సంఘానికి వేయడమే నగదు ముందస్తు అంచనా. కంప్యూటర్ దానిని తొందరగా వేసిపెడుతుంది. అయితే ఏమి వేయాలో, ఎక్కడ పొరపాటు పడుతుందో మనకు తెలియాలి. అంతవరకే ఈ నాటి మా మాట.

ఒక అక్క అడిగిన ప్రశ్న

కొంతకాలం క్రితం మేము ఒక సంఘానికి వెళ్ళాము. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి జమాఖర్చులు చదివారు. సంఘానికి ఆ ఏడు లాభం వచ్చిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక అక్క లేచి నిలబడ్డది. రెండు బర్రెలున్న మనిషి. "లాభం వచ్చిందంటున్నరు, మంచిదే. మరి పోయిన బిల్లు తొమ్మిది రోజులు ఎందుకు ఆగింది? ఆ తొమ్మిది రోజులకు నేను మిత్తికి తెచ్చిన. లాభం ఎవరికి వచ్చినట్టు?" అని అడిగింది.

సభ నిశ్శబ్దమైపోయింది. కార్యదర్శి మంచివారు. లెక్కల్లో ఒక్క రూపాయి తేడా లేదు. మేము చిట్టా, ఆవర్జా రెండూ చూశాము. దొంగతనం లేదు, దుబారా లేదు. జరిగింది ఒక్కటే. బిల్లు ఇవ్వవలసిన వారానికి ముందు దాణా లోడు దింపుకున్నారు. హోటళ్ళ నుండి రావలసిన పాల బాకీ రాలేదు. పై నుండి రావలసిన పాల డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైంది. మూడూ ఒకేసారి కలిశాయి. ఈ మూడింటిలో రెండు సంగతులు పదిహేను రోజుల ముందే తెలిసినవి. వాటిని ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూసినవారు లేరు.

ఆ తర్వాత ఆ సంఘంలో కొందరు సభ్యులు రోజూ చేతిలో డబ్బు పెట్టే ప్రైవేటు పాలవాడికి పాలు పోయడం మొదలుపెట్టారు. అతడు లీటరుకు తక్కువ ఇస్తున్నాడని వారికి తెలుసు. అయినా పోశారు. మేము వారిని తప్పు పట్టలేము. కూలీకి, దాణాకు, మందులకు డబ్బు ఆ రోజే కావాలి. వచ్చే వారం వచ్చే ఎక్కువ డబ్బు కంటే ఈ రోజు చేతికి వచ్చే తక్కువ డబ్బే వారికి అక్కరకు వచ్చింది.

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో త్రిభువన్‌దాస్ పటేల్ గారి నాయకత్వంలో పాల సహకార సంఘాలు మొదలైనాయి. ఆ సంఘాలకు రైతుల్లో నమ్మకం కుదరడానికి ఒక ముఖ్య కారణం, ఉదయం పోసిన పాలకు సాయంత్రం డబ్బు చేతికి రావడం. సహకార పాడి అన్నది ఆ నమ్మకం మీద లేచిన ఇల్లు. మన దగ్గర పదిరోజులకో, పదిహేను రోజులకో బిల్లు ఇస్తున్నాము. పద్ధతి మారింది గాని, చెప్పిన రోజుకు డబ్బు ఇవ్వాలన్న నియమం మారలేదు.

లాభం వేరు, రోకడ్ వేరు

లాభం అంటే అమ్మిన ధరకు, కొన్న ధరకు, ఖర్చులకు మధ్య మిగిలినది. హోటల్ వాడు ఇంకా ఇవ్వకపోయినా, పాలు అమ్మిన రోజే అది లెక్కలో ఆదాయంగా పడుతుంది. నగదు అంటే పెట్టెలో, బ్యాంకు ఖాతాలో ఈ పొద్దున ఉన్నది. మన పెద్దలు రోకడ్ అన్నది దానినే. బిల్లు ఇవ్వడానికి పనికి వచ్చేది రోకడ్ ఒక్కటే. లాభంతో సభ్యునికి బిల్లు ఇవ్వలేము.

ఒక ఉదాహరణ చూద్దాము. ఇది ఏ సంఘం లెక్కా కాదు. తేలికగా అర్థం కావడానికి మేము వేసిన లెక్క. ధరలు కూడా ఊహించినవే. మీ ధరలు వేసుకొని మీరే తిరిగి లెక్క కట్టవచ్చు.

సంఘానికి రోజుకు 300 లీటర్ల పాలు వస్తాయి అనుకుందాము. సభ్యులకు లీటరుకు సగటున 45 రూపాయలు. అందులో 240 లీటర్లు పై సంస్థకు పోతాయి, లీటరుకు 46 రూపాయల 50 పైసల చొప్పున. మిగతా 60 లీటర్లు ఊళ్ళోనే 60 రూపాయల చొప్పున అమ్ముతారు. దానిలో సగం ఇండ్లకు రొక్కానికి, సగం హోటళ్ళకు ఖాతా మీద. హోటళ్ళు 10వ తేదీన, 25వ తేదీన బాకీ తీరుస్తాయి.

పదిహేను రోజులకు లెక్క ఇట్లా వస్తుంది.

పై సంస్థ నుండి రావలసినది 1,67,400 రూపాయలు.
ఊళ్ళో అమ్మకం 54,000 రూపాయలు.
మొత్తం రాబడి 2,21,400 రూపాయలు.
సభ్యుల బిల్లు 2,02,500 రూపాయలు.
జీతం, కరెంటు, రవాణా, ఇతర ఖర్చులు 12,000 రూపాయలు.
మిగులు 6,900 రూపాయలు.

నెలకు 13,800 రూపాయల మిగులు. మంచి సంఘమే.

ఇప్పుడు అదే సంఘానికి తేదీల వారీగా నగదు లెక్క వేద్దాము. 1వ తేదీ పొద్దున నిలువ 60,000 రూపాయలు. పై సంస్థ డబ్బు 3వ తేదీన, 18వ తేదీన వస్తుంది. సభ్యుల బిల్లు 5వ తేదీన, 20వ తేదీన ఇవ్వాలి. 10వ తేదీన 96 సంచుల దాణా వస్తుంది, సంచికి 1,250 చొప్పున 1,20,000 రూపాయలు. సగం దింపిన రోజు ఇవ్వాలి, సగం 25వ తేదీన. సభ్యులకు దాణా ఉద్దెరకు ఇచ్చి, నాలుగు బిల్లులలో 30,000 చొప్పున పట్టుకుంటారు.

5వ తేదీన పై డబ్బు, ఐదు రోజుల రొక్కం అమ్మకం 9,000 కలుపుకొని బిల్లు ఇచ్చిన తర్వాత నిలువ 33,900.
10వ తేదీన మరో 9,000, హోటళ్ళ బాకీ 27,000 వచ్చి, దాణాకు 60,000 పోగా నిలువ 9,900.
15వ తేదీన మరో 9,000 వచ్చి, ఖర్చులు 12,000 పోగా నిలువ 6,900.
20వ తేదీన పై డబ్బు, రొక్కం అమ్మకం వచ్చి, దాణా పట్టగా మిగిలిన బిల్లు 1,72,500 ఇచ్చిన తర్వాత నిలువ 10,800.
25వ తేదీన రొక్కం 9,000, హోటళ్ళ 27,000 వచ్చి 46,800 అవుతుంది. దాణాకు ఇవ్వవలసినది 60,000. తక్కువ 13,200.

చూశారా? అందరూ చెప్పిన రోజుకే డబ్బు ఇచ్చారు. ఒక్క చుక్క పాలు వృథా పోలేదు. లాభనష్టాల పట్టిక 13,800 మిగులు చూపిస్తున్నది. అయినా 25వ తేదీన 13,200 రూపాయలు తక్కువ పడ్డాయి. ఈ సంగతి 1వ తేదీననే తెలుసుకోవచ్చు. తెలిస్తే దాణా వ్యాపారితో లోడు దింపక ముందే మాట్లాడుకొని, రెండో సగం వచ్చే నెల 10వ తేదీకి పెట్టించుకోవచ్చు. అట్లా పెట్టించుకుంటే ఆ రోజు 60,000 ఇచ్చిన తర్వాత కూడా 23,700 మిగులుతుంది. దాణా దింపుకున్న తర్వాత అడిగితే వ్యాపారి వినడు. నీళ్ళలో బర్రెను పెట్టి బేరం చేసినట్టు అవుతుంది.

ఇంకొక సంగతి కూడా చూడండి. పై సంస్థ డబ్బు 18న రావలసినది 22న వచ్చింది అనుకుందాము. 20వ తేదీన పెట్టెలో ఉండేది 15,900 రూపాయలు. ఇవ్వవలసిన బిల్లు 1,72,500. అంటే 1,56,600 రూపాయలు రెండు రోజులకు కావాలి. అప్పటికప్పుడు ఊళ్ళో నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెస్తే, ఇచ్చేవాడు నెల మిత్తి పట్టుకుంటాడు. అది 4,698 రూపాయలు. ఆ నెల మిగులులో మూడో వంతు పోయినట్టే. ముందే బ్యాంకులో నగదు పరపతి పరిమితి మంజూరు చేయించుకొని ఉంటే, ఏడాదికి నూటికి 12 చొప్పున చూసినా రెండు రోజుల వడ్డీ సుమారు 103 రూపాయలు. రెండింటికీ ఉన్న తేడా ముందుచూపు ఖరీదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఊరికే రాలేదు.

కంప్యూటర్ ఏమి చేస్తుంది

ఇప్పుడు చాలా సంఘాల్లో పాల తూకం, వెన్న పరీక్ష, సభ్యుల బిల్లు కంప్యూటర్ మీదనే జరుగుతున్నాయి. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు పాల సేకరణకు ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. సాధారణ లెక్కలకు టాలీ వంటి ప్యాకేజీలు చిన్న వ్యాపారుల దగ్గర కూడా ఉన్నాయి. 1986లో బెంగళూరులో మొదలైన ఆ సంస్థ ప్యాకేజీ ఈ నాడు మన కిరాణా దుకాణాల దాకా వచ్చింది.

ఇటువంటి లెక్కల ప్యాకేజీల్లో నగదు అంచనా వేసే పట్టిక ఉంటుంది. అది చేసే పని మనం ఇప్పుడు చేసినదే. ఈ రోజు నిలువ తీసుకుంటుంది. రావలసిన బిల్లులను గడువు తేదీల వారీగా కలుపుతుంది. ఇవ్వవలసిన వాటిని గడువు తేదీల వారీగా తీసివేస్తుంది. కొన్ని ప్యాకేజీలు గత నెలల సగటును, లేక పోయిన ఏడు ఇదే నెల అంకెను తీసుకొని ముందుకు పొడిగిస్తాయి. అంతకు మించి దానికి జ్యోతిషం తెలియదు.

కాబట్టి మూడు చోట్ల అది తప్పు చూపిస్తుంది. ఆ మూడూ కార్యదర్శులు గుర్తు పెట్టుకోవాలని మనవి.

మొదటిది, గడువు తేదీకి, డబ్బు వచ్చే తేదీకి తేడా. ఖాతాలో 15 రోజుల గడువు అని రాస్తే, కంప్యూటర్ 15వ రోజున డబ్బు వచ్చినట్టే లెక్క వేస్తుంది. ఆ హోటల్ వాడు ఎప్పుడూ 25వ రోజునే ఇస్తాడని మీకు తెలుసు, దానికి తెలియదు. అందుచేత ఒక్కొక్క బాకీదారు గత ఆరు సార్లు ఎన్ని రోజులకు ఇచ్చాడో చూసి, ఆ అలవాటు ప్రకారం తేదీ వేయండి. పై నుండి వచ్చే పాల డబ్బుకు కూడా ఇదే పద్ధతి. నోట్లో మాట ప్రకారం కాక పాసుబుక్కు ప్రకారం రాయండి.

రెండవది, రాయనిది కనబడదు. నిన్నటి దాకా సభ్యులు పోసిన పాలకు బిల్లు ఇంకా వేయలేదు. అది కంప్యూటర్‌లో అప్పుగా కనబడదు. కాని ఆ డబ్బు సభ్యులదే. చీటీ మీద ఇచ్చిన దాణా, ఆడిట్ ఫీజు, ఏడాది చివర పంచవలసిన బోనస్, యంత్రం మరమ్మతు, ఇవన్నీ కూడా అంతే. వీటిని అంచనాలో చేత్తో ఎక్కించాలి. అసలు పద్దుల్లో వేయకూడదు, అంచనా కోసమే వేరుగా ఉంచాలి. లేకపోతే ఆడిట్‌లో తిప్పలు వస్తాయి. సభ్యుల పొదుపు, వాటాధనం ఒకే బ్యాంకు ఖాతాలో ఉంటే కంప్యూటర్ మొత్తాన్నీ ఖర్చుకు ఉన్న డబ్బుగానే చూపిస్తుంది. ఆ మొత్తాన్ని నిలువలో నుండి ముందే తీసి చూడండి.

మూడవది పండుగలు. ఇది మన పహాడీ షరీఫ్‌కు ప్రత్యేకమైనది. కొంచెం వివరంగా చెప్పుకుందాము.

చంద్రుని నెల, పంట నెల

ఈ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ గారి దర్గా ఉన్నది. షాబాన్ నెలలో ఉర్సుకు ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. ఆ వెనుకనే రంజాన్. ఆ నెలంతా సాయంత్రం నుండి తెల్లవారే దాకా హోటళ్ళు నడుస్తాయి. చాయ్‌కు, సేమ్యాకు, షీర్ ఖుర్మాకు పాలు కావాలి. తర్వాత బక్రీద్. మనలో చాలామంది బర్రెలతో పాటు మేకలను, గొర్రెలను కూడా పెంచుతున్నారు. వాటి డబ్బు చేతికి వచ్చేది అప్పుడే.

ఇవన్నీ చంద్రమానంలో నడిచే పండుగలు. హిజ్రీ సంవత్సరం మన ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. 2024లో రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో మార్చి 31న వచ్చింది. బక్రీద్ 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. పోయిన ఏడు ఇదే నెల ఎంత అమ్మినామో చూసి అంచనా వేసే కంప్యూటర్‌ను 2025 ఏప్రిల్ సంగతి అడిగితే, 2024 ఏప్రిల్ మొదటి పది రోజుల పండుగ అమ్మకాన్ని చూపి మళ్ళీ అంత అమ్ముతారని చెబుతుంది. అప్పటికి పండుగ అయిపోయి ఉంటుంది. ఆ మాట నమ్మి దాణా వ్యాపారికి ఏప్రిల్‌లో ఇస్తానని మాట ఇచ్చినవారు చిక్కుల్లో పడతారు. మూడేండ్లకు ఈ తేడా ఒక నెల దాటుతుంది. 2030లో అయితే రంజాన్ నెల జనవరిలో ఒకసారి మొదలై, డిసెంబరులో మళ్ళీ మొదలవుతుంది. ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండుసార్లు!

మన తెలుగు పండుగలు కూడా చాలావరకు చంద్రమానమే గాని, మూడేండ్లకొకసారి వచ్చే అధిక మాసం వాటిని మళ్ళీ ఆ కాలానికే తెచ్చి నిలబెడుతుంది. దసరా ఎటు జరిగినా సెప్టెంబరు, అక్టోబరు దాటిపోదు. హిజ్రీలో అధిక మాసం లేదు. కనుక రంజాన్ అన్ని కాలాల గుండా తిరుగుతుంది.

ఈ చిక్కు మన పెద్దలకు కొత్త కాదు. చంద్రుని సంవత్సరం ప్రకారం శిస్తు అడిగితే పంట ఇంటికి రాకముందే గడువు వస్తుందని, పంటకు సరిపోయే ఫసలీ సంవత్సరాన్ని ఏర్పాటు చేశారు. ఫసల్ అంటే పంట. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలు ఆ ఫసలీలోనే నడిచాయి. మన పాత పహాణీల మీద ఆ సంవత్సరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. డబ్బు ఎప్పుడు వస్తుందో, అడిగే గడువు కూడా అప్పుడే ఉండాలన్న తెలివి అది. నగదు అంచనా సారమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

పాడికి కూడా తన కాలం ఉన్నది. మన బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర నుండి చలికాలం లోపల ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి. ఎండాకాలంలో వట్టిపోయే బర్రెలు ఎక్కువ, వేడికి పాలు తగ్గుతాయి. 2024లో, 2025లో రంజాన్ ఎండలు ముదిరే కాలంలో వచ్చింది. అంటే పాలు తగ్గుతున్న రోజుల్లో గిరాకీ పెరిగింది. 2030లో రెండు రంజాన్లూ చలికాలంలో, పాలు నిండుగా ఉన్నప్పుడు వస్తాయి. అందుకే ఒక ఏడు రంజాన్ అమ్మకం చూసి ఇంకొక ఏడు రంజాన్ అమ్మకాన్ని అట్లాగే వేయడం కూడా సరికాదు. పండుగ తేదీ ఒక వైపు, ఆ కాలంలో మనకు వచ్చే పాలు ఒక వైపు పెట్టి చూడాలి.

ఇందుకు చేయవలసిన పని చిన్నది. ఏడాది మొదట్లో ఒక పంచాంగం, ఒక ఉర్దూ క్యాలెండర్ ముందు పెట్టుకొని, ఉర్సు, రంజాన్, బక్రీద్, బోనాలు, దసరా, పెండ్లి ముహూర్తాలు ఉన్న వారాలను అంచనా పట్టికలో గుర్తు పెట్టండి. పోయిన ఉర్సు వారానికి, ఈ ఉర్సు వారానికి పోల్చండి. నెలకు నెల పోల్చకండి. నెలవంకను బట్టి ఒక రోజు అటుఇటు అవుతుంది గనుక ఆ వారానికి రెండు వైపులా కొంత వెసులుబాటు ఉంచండి.

గడ్డి కూడా కొనుక్కునే రోజులు

ఈ ప్రాంతంలో ఇంకొక మార్పు వచ్చింది. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దానికి సుమారు 5,500 ఎకరాల భూమి పట్టింది. దాని చుట్టూ రింగురోడ్డు, గోదాములు, వెంచర్లు వచ్చాయి. చేను పోయినా కొట్టంలో బర్రెలు ఉన్న ఇండ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వెనుకట చొప్ప సొంత చేనులో నుండి, పచ్చి మేత గట్ల మీద నుండి వచ్చేది. దానికి చేతి డబ్బు పెట్టే పని లేదు. ఇప్పుడు గడ్డి ట్రాలీకి, చొప్ప కట్టకు, తవుడుకు, చెక్కకు, అన్నిటికీ రొక్కం పెట్టాలి.

దీని అర్థం ఏమిటి? పాల ధర పెరిగినా, సభ్యుని ఇంట్లో ప్రతి వారం బయటికి పోయే డబ్బు కూడా పెరిగింది. కనుక బిల్లు నాలుగు రోజులు ఆగితే వెనుకటి కంటే ఇప్పుడు దెబ్బ ఎక్కువ. చేను ఉన్న రోజుల్లో బిల్లు ఆగినా బర్రె మేతకు ఆగలేదు. ఈ నాడు బిల్లు ఆగితే మేత ఆగుతుంది. మేత ఆగితే రెండు రోజుల్లోనే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే సంఘం రాబడి తగ్గుతుంది. ఒక చోట ఆలస్యమైన డబ్బు చుట్టు తిరిగి మళ్ళీ సంఘానికే నష్టం తెస్తుంది.

వరిగడ్డి కోతల తర్వాత చౌకగా ఉంటుంది, ఎండలు ముదిరిన తర్వాత పిరం అవుతుంది. చౌకగా ఉన్నప్పుడు కొనాలంటే అప్పుడు చేతిలో డబ్బు ఉండాలి. కోతల కాలానికి సంఘం దగ్గర ఎంత నిలువ ఉంటుందో మూడు నెలల ముందు తెలిస్తే, సభ్యులందరికీ కలిపి గడ్డి కొనిపెట్టవచ్చు. కాబట్టి అంచనా ఉపయోగం కష్టాన్ని తప్పించుకోవడంతో ఆగదు, చౌకగా కొనుక్కునే అవకాశాన్ని కూడా ఇస్తుంది.

ఒక్క అంకె అడగండి

పాలకవర్గ సమావేశంలో కార్యదర్శులు పది పేజీల కాగితాలు చదివితే ఎవరికీ గుర్తుండదు. అందుచేత సభ్యులుగా మీరు ఒక్క అంకె అడగండి. "రాబోయే 13 వారాల్లో మన సంఘం పెట్టెలో అన్నిటికంటే తక్కువ డబ్బు ఉండే రోజు ఏది? ఆ రోజు ఎంత ఉంటుంది?" ఇదే ఆ ప్రశ్న.

నెల చివరి నిలువ అడగకండి. అది మోసం చేస్తుంది. మనం వేసిన లెక్కలోనే చూడండి. దాణా రెండో సగం వాయిదా పడితే నెల చివర 43,800 నిలువ కనబడుతుంది. బాగున్నదనిపిస్తుంది. కాని 15వ తేదీన ఉన్నది 6,900 మాత్రమే. పై డబ్బు ఆలస్యమైతే 20వ తేదీన బిల్లే ఇవ్వలేము. వాగు దాటేవాడు సగటు లోతు అడగడు, అన్నిటికంటే లోతు ఎక్కడ అని అడుగుతాడు.

ఆ అంకె తెలియాలంటే ఈ పనులు జరగాలి.

ఒకటి, ప్రతి సోమవారం కంప్యూటర్ నిలువను పెట్టెలో నగదుతో, బ్యాంకు పాసుబుక్కుతో సరిపోల్చాలి. మొదటి అంకె తప్పయితే మిగతా అంకెలన్నీ తప్పే.

రెండు, 13 వారాల పట్టికను ప్రతి వారం ఒక వారం ముందుకు జరపాలి. వేసిన అంచనాకు, జరిగిన దానికి తేడా పక్కనే రాయాలి. తేడా ఎందుకు వచ్చిందో ఒక్క మాట రాస్తే చాలు. ఆరు నెలల్లో మీ అంచనా మీకే నమ్మకం కలిగిస్తుంది.

మూడు, పట్టికను రెండు రకాలుగా వేయాలి. అందరూ చెప్పిన రోజుకు డబ్బు ఇస్తే ఒకటి, పై డబ్బు ఒక వారం ఆలస్యమైతే ఒకటి. రెండవ దానిలో ఎంత తక్కువ పడుతుందో, బ్యాంకు పరపతి పరిమితిగాని, సంఘం సొంత నిధిగాని అంత ఉండాలి.

నాలుగు, దాణా లోడు, యంత్రం కొనుగోలు వంటి పెద్ద ఖర్చు తీర్మానం చేసేముందు దానిని పట్టికలో వేసి చూడాలి. ఆ కాగితం తీర్మానం పుస్తకానికి జతచేయాలి.

ఐదు, బిల్లు ఆలస్యమవుతుందని తెలిసిన రోజే పాల కేంద్రం నల్లబల్ల మీద రాయాలి. ఎందుకు, ఏ రోజు ఇస్తారు అన్నవి రెండూ రాయాలి. డబ్బు కొద్దిగానే ఉంటే ఒకటి రెండు బర్రెలున్న వారికి మొదట ఇవ్వాలని పాలకవర్గం ముందే తీర్మానించుకోవాలి. ముందు చెప్పిన ఆలస్యాన్ని సభ్యులు ఓర్చుకుంటారు. చెప్పకుండా చేసిన ఆలస్యాన్ని ఓర్చుకోరు.

కంప్యూటర్ లేని సంఘాలు చింతపడవలసిన అవసరం లేదు. ఒక పెద్ద కాగితం మీద 13 గీతలు గీసి, పెన్సిలుతో ఇదే పని చేయవచ్చు. కంప్యూటర్ ఉన్న సంఘాలు కూడా మొదటి మూడు నెలలు కాగితం మీద చేయడం మంచిదని మా అభిప్రాయం. చేత్తో వేసినవారికి యంత్రం ఎక్కడ తప్పు చెబుతున్నదో తెలుస్తుంది.

చివరగా ఒక మాట. మొదట చెప్పిన ఆ అక్క ప్రశ్నకు ఆ రోజు సభలో ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాము. మేము కూడా ఆ వేదిక మీదనే ఉన్నాము. జమాఖర్చులు సరిగ్గా ఉన్నాయని సంతకం చేసి వచ్చాము గాని, బిల్లు రోజుకు డబ్బు ఉన్నదా అని అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. అప్పటి నుండి ఏ సంఘానికి వెళ్ళినా మేము మొదట అడిగేది లాభం ఎంత అని కాదు, తక్కువ నిలువ రోజు ఏది అని. ఈ నాటి నుండి ఆ ప్రశ్న మీరు అడగాలని కోరుతున్నాము. సంఘం మీది, పాలు మీవి, ఆ పెట్టెలోని డబ్బు కూడా మీదే.